మా కంపెనీ లాయరు నా లాయరు కాదని తెలిసిన రోజు: నా అనుభవం

మా కంపెనీ వ్యవహారాలను 9 ఏళ్ళుగా చూస్తున్న న్యాయవాది ఎదుట కూర్చుని, నా భాగస్వామి మీద నాకున్న ఫిర్యాదును చెప్పబోతుండగా ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. "ఒక్క నిమిషం ఆగండి. మీరు చెప్పబోయేది మీ ఇద్దరి మధ్య గొడవ గురించే అయితే దయచేసి నాకు చెప్పకండి. నేను కంపెనీ లాయరుని. ఈ విషయంలో మీ తరఫునా మాట్లాడలేను, ఆయన తరఫునా మాట్లాడలేను. మీరిప్పుడు నాతో ఏం చెప్పినా, రేపు బోర్డు అడిగితే దాచిపెట్టే హక్కు నాకు లేదు. మీరు విడిగా ఇంకో లాయరుని పెట్టుకోండి" అన్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా నాకు ఒకటే బాధ. మా పెళ్ళిళ్ళకూ పండుగలకూ వచ్చిన మనిషి, మేము కంపెనీ పెట్టిన రోజు నుంచీ ప్రతి కాగితాన్నీ తన చేతులతో రాసిన మనిషి, నాకు కష్టం వచ్చిన రోజున ముఖం తిప్పుకున్నారనే అనుకున్నాను.

ఆయన ఆ రోజు నాకు చేసిన మేలు ఎంతటిదో తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. ఒక చిన్న వ్యాపారి వాణిజ్య న్యాయవాది దగ్గరికి వెళ్ళినప్పుడు అసలు ఏం జరుగుతుందో, ఎవరి పని ఎంతవరకో, క్లయింటుగా మన వంతు ఏమిటో ఆ ఏడాదిలో నేను నేర్చుకున్నాను. అది రాసి పెడితే నా వంటి వారికి పనికొస్తుందని ఈ ప్రయత్నం.

నేనూ నా స్నేహితుడూ కలిసి అట్టపెట్టెలు తయారు చేసే కంపెనీ మొదలుపెట్టాం. మొదట చెరి సగం. యంత్రాలు పెంచాల్సి వచ్చినప్పుడు ఒక పెట్టుబడిదారుడిని చేర్చుకుని, చెరి 45 శాతం ఉంచుకుని, ఆయనకు 10 శాతం ఇచ్చాం. ఆ 10 శాతం ఎటు మొగ్గితే కంపెనీ అటు మొగ్గుతుందన్న ఆలోచన అప్పుడు మా ఇద్దరికీ రాలేదు. వాటాదారుల ఒప్పందం రాసేటప్పుడు లాయరుగారు అడిగారు కూడా: "మీ ఇద్దరికీ పడకపోతే ఎవరు ఎవరి వాటా కొనాలి, ఏ ధరకు కొనాలి, రాసుకుందామా?" నా స్నేహితుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మాకు పడకపోవడమేమిటండీ, అది వదిలేయండి" అన్నాడు. నేనూ తలూపాను. ఒకరు బయటికి వెళ్ళాల్సి వస్తే వాటాకు 'న్యాయమైన విలువ' చెల్లించాలని మాత్రం ఒక వాక్యం మిగిలింది. న్యాయమైన విలువ అంటే ఏమిటో, దాన్ని ఎవరు తేలుస్తారో అందులో లేదు. ఆ ఖాళీ తరవాత మా ఇద్దరి నుంచీ వసూలు చేసిన మూల్యం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

గొడవకు కారణం ముడి కాగితం కొనుగోలు. నా భాగస్వామి తన దగ్గరి బంధువు సంస్థ నుంచి, బజారు ధర కన్నా ఎక్కువకు, మాకు చెప్పకుండా సరుకు కొంటున్నాడని లెక్కల్లో కనిపించింది. నిలదీస్తే మాటలు పెరిగాయి. రెండు నెలలు తిరగకుండానే నన్ను డైరెక్టరు పదవి నుంచి తొలగించే తీర్మానం పెడతామని నోటీసు వచ్చింది. పెట్టుబడిదారుడు అతని వైపు నిలిచాడు. 55 శాతం ఒకవైపు, నేను ఒక్కణ్ణీ మరోవైపు.

లాయరుగారు పంపేసిన రాత్రి ఇంట్లో పాత ఫైళ్ళు తిరగేశాను. ఆయనను నియమించుకున్నప్పుడు మేము సంతకం చేసిన నియామక పత్రం దొరికింది. రెండే పేజీలు. మొదటి పేజీలో మూడో వరసలో 'క్లయింటు' అనే మాట, దాని ఎదురుగా మా కంపెనీ పేరు. నా పేరు లేదు, నా స్నేహితుడి పేరూ లేదు. రెండో పేజీ అడుగున మా సంతకాలు ఉన్నాయి, కానీ వాటి కింద 'కంపెనీ తరఫున, డైరెక్టరు' అని అచ్చయి ఉంది. అదే పేజీలో ఇంకో వాక్యం: డైరెక్టర్లకు, వాటాదారులకు వ్యక్తిగతంగా సలహా ఇవ్వడం ఈ నియామకంలోకి రాదు. నీలం సిరాతో నేను చేసిన సంతకం ఆ వాక్యానికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ రోజు నేను సంతకం పెట్టాల్సిన చోటు మాత్రమే చూశాను.

వేరే న్యాయవాదిని వెతకడం మొదలుపెట్టాను. మొదటి కార్యాలయానికి ఫోను చేసి కథంతా చెప్పబోతే, అవతలి వారు వినకుండానే నాలుగు పేర్లు మాత్రం అడిగారు: కంపెనీ పేరు, భాగస్వామి పేరు, పెట్టుబడిదారుడి పేరు, మాకు అప్పిచ్చిన బ్యాంకు పేరు. మరునాడు, ఈ పని తీసుకోలేమని ఒక్క వాక్యంలో జవాబు పంపారు. ఎందుకో చెప్పలేదు. నా పని చిన్నదని వద్దన్నారేమోనని చిన్నబుచ్చుకున్నాను. ఆ నలుగురిలో ఎవరో ఒకరు వారికి క్లయింటు అయి ఉంటారనీ, ఆ సంగతి బయటపెట్టడం కూడా ఆ క్లయింటుకు ద్రోహమే అవుతుంది కాబట్టి కారణం చెప్పరనీ తరవాత తెలిసింది. ఎదుటి పక్షం పేర్లు తెలుసుకోకుండానే కథ మొత్తం వినడానికి సిద్ధపడే న్యాయవాది ఎవరైనా ఉంటే, అక్కడే కాస్త ఆలోచించుకోవాలని నా అభిప్రాయం.

రెండో చోట ఒక మహిళా న్యాయవాది పని ఒప్పుకున్నారు. మొదటి సమావేశంలో నేను చేసిన మొదటి పని పాత లాయరుగారి మీద నేరం చెప్పడం. ఆమె ఓపికగా విని, "ఆయన మిమ్మల్ని ఆపకుండా అంతా విని ఉంటే ఏమయ్యేదో తెలుసా?" అని అడిగారు. నేను చెప్పుకున్న నా బలహీనతలన్నీ కంపెనీ న్యాయవాది చెవిన పడేవి. ఆ కంపెనీ బోర్డులో మెజారిటీ నా ఎదుటి పక్షానిది. అంటే నా రహస్యాన్ని నా చేతులతోనే వాళ్ళకు అప్పగించినట్టు. అమెరికాలో ఈ జాగ్రత్తకు ఒక పేరే ఉందనీ, 1981లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన అప్‌జాన్ కేసు పేరు మీద దాన్ని అప్‌జాన్ హెచ్చరిక అంటారనీ చెప్పారు. కంపెనీ న్యాయవాది ఉద్యోగినో అధికారినో ప్రశ్నించే ముందు, నేను కంపెనీకి మాత్రమే న్యాయవాదిని, మన సంభాషణ గోప్యతను ఉంచుకోవాలా వదులుకోవాలా అన్న హక్కు కంపెనీదే, మీది కాదు అని స్పష్టంగా చెప్పడమే ఆ హెచ్చరిక.

"కానీ మేడమ్, ఆ కంపెనీ అంటే మేమే కదా?" అన్నాను. అందుకు జవాబుగా ఆమె చెప్పినది లండన్‌లో తోలు బూట్లు చేసిన ఏరన్ సాలమన్ అనే వ్యాపారి కథ. ఏళ్ళ తరబడి సొంతంగా నడిపిన వ్యాపారాన్ని 1892లో ఆయన ఒక కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టానికి ఏడుగురు సభ్యులు కావాలి కనుక భార్యకూ కూతురికీ నలుగురు కొడుకులకూ తలా ఒక వాటా ఇచ్చి, 20,007 వాటాల్లో 20,001 తన దగ్గరే ఉంచుకున్నాడు. మరుసటి ఏడే వ్యాపారం దెబ్బతింది. కంపెనీ అప్పులు సాలమన్ అప్పులేనని కింది కోర్టులు అన్నాయి. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1896 నవంబరులో ఏకగ్రీవంగా ఆ తీర్పులను కొట్టేసింది. సాలమన్ వేరు, సాలమన్ కంపెనీ వేరు, చట్టం కళ్ళకు అవి రెండు వేర్వేరు వ్యక్తులు అన్నది. "20,007లో 20,001 వాటాలున్న మనిషే తన కంపెనీ కాలేకపోయాడు. 45 శాతం ఉన్న మీరెలా అవుతారండీ?" అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అప్పుల వాళ్ళు ఇంటి మీదికి రాకుండా ఇన్నాళ్ళూ నన్ను కాచిన గోడ అదే. ఆ గోడకు రెండో వైపు కూడా ఉంటుందని మాత్రం నేనెన్నడూ అనుకోలేదు.

ఆ గోడ నాకు ఇంకోసారి అడ్డం వచ్చింది. బంధువు దగ్గర ఎక్కువ ధరకు కాగితం కొన్నందుకు నా భాగస్వామి మీద దావా వేసి ఆ డబ్బు నాకు కట్టించాలన్నది నా పట్టుదల. ఆ నష్టం కంపెనీదనీ, దావా వేయాల్సింది కూడా కంపెనీయేననీ ఆమె చెప్పారు. 1843 నాటి ఫాస్ వర్సెస్ హార్‌బాటిల్ అనే ఇంగ్లండు కేసు నుంచి ఈ సూత్రం నడుస్తోందట. దానికి మినహాయింపులు ఉన్నాయి, వాటాదారు కంపెనీ పక్షాన కోర్టుకెక్కే దారులూ ఉన్నాయి, అయితే గెలిచినా సొమ్ము కంపెనీ ఖాతాలోకే పోతుంది. మెజారిటీ చేతిలో ఉన్న ఖాతాలోకి డబ్బు తెచ్చిపెట్టడానికి నా చేతి డబ్బు ఖర్చు పెట్టాలా అని ఆమె అడిగారు. నాలుగు నెలలుగా నిద్ర పట్టనివ్వని కోపం ఆ ఒక్క ప్రశ్నతో దారి మార్చుకుంది. నాకు కావలసింది ఏమిటో అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అతనికి శిక్ష పడాలా, నా వాటాకు సరైన డబ్బు రావాలా? రెండోదే కావాలని ఒప్పుకోవడానికి నాకు ఒక వారం పట్టింది.

అప్పుడామె ఒక పని అప్పగించారు. కాగితం మీద మూడు గళ్ళు గీసి, మొదటి గడిలో తేదీ, రెండో గడిలో జరిగినది, మూడో గడిలో దాన్ని రుజువు చేసే కాగితం ఏదో రాసుకు రమ్మన్నారు. "మీ అభిప్రాయాలు వద్దు. అతను మోసగాడు అని రాయకండి. ఫలానా తేదీన ఫలానా బిల్లు, ఇంత ధర, అని రాయండి" అన్నారు. నేను 31 వరసలు రాశాను. మూడో గడి నిండినవి 12 మాత్రమే. మిగిలిన 19 వరసల్లో నాకు గట్టిగా గుర్తున్నవీ, నేను ప్రమాణం చేసి చెప్పగలిగినవీ ఉన్నాయి, కానీ వాటికి కాగితం లేదు. నా వాదన ఎంత బలమైనదో ఏ న్యాయవాదీ నోటితో చెప్పక్కరలేకుండా ఆ ఖాళీ గళ్ళే చెప్పాయి. ఆ పట్టిక తయారు చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అదే పని ఆమె కార్యాలయంలో చేయించుకుని ఉంటే, ఆ గంటలన్నిటికీ ఫీజు కట్టేవాణ్ణి.

ఫీజు సంగతి ఇక్కడే చెబుతాను. వాణిజ్య న్యాయవాదులు చాలామంది గంటల లెక్కన పని చేస్తారు, గంటను పది భాగాలు చేసి ఆరు నిమిషాలకు ఒక యూనిట్‌గా రాసుకోవడం వాడుక. మొదటి నెల బిల్లులో నేను పంపిన చిన్న చిన్న ఈమెయిళ్ళు ఒక్కొక్కటీ ఒక యూనిట్‌గా వరసగా కనిపించాయి. నాకు అనుమానం వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న పంపేవాణ్ణి మరి. రెండో నెల నుంచి ప్రశ్నలన్నీ నోటు పుస్తకంలో రాసుకుని, వారానికి ఒకేసారి, అంకెలు వేసి పంపడం అలవాటు చేసుకున్నాను. గెలిస్తే వచ్చిన దానిలో వాటా తీసుకునే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది, కొన్ని దేశాల్లో న్యాయవాదులకు అది నిషిద్ధం. నేను దశల వారీగా అంచనా రాసి ఇమ్మన్నాను: నోటీసు దాకా ఎంత, చర్చల దాకా ఎంత, కోర్టుకు వెళితే ఎంత. ఆ కాగితం అడగడానికి నేను మొహమాటపడ్డాను గానీ, ఇవ్వడానికి ఆమె ఏమాత్రం మొహమాటపడలేదు.

మూడో సమావేశం వరకు నేనొక సంగతి ఆమె దగ్గర దాచాను. గొడవ ముదిరిన రోజుల్లో మా పెద్ద ఖాతాదారు ఒకరితో, నేను వేరే వ్యాపారం పెడితే ఆర్డర్లు నాకు ఇస్తారా అని ఫోనులో సందేశాలు పంపాను. ఏ ఆర్డరూ తీసుకోలేదు, కాబట్టి అది చెప్పాల్సిన విషయం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె రాసిన నోటీసు ముసాయిదాలో 'మా క్లయింటు ఎల్లప్పుడూ కంపెనీ ప్రయోజనాలకే కట్టుబడి ఉన్నారు' అన్న వాక్యం చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి. అప్పుడు చెప్పాను. ఆమె కలం కింద పెట్టి, ఆ సందేశాలు ఒక్కటీ తుడిచేయకుండా మొత్తం చూపించమన్నారు. చదివాక కోప్పడలేదు. "ఈ ఉత్తరం వెళ్ళిపోయాక వాళ్ళు ఈ సందేశాలు బయటపెట్టి ఉంటే, మీ 12 నిజాలనూ ఎవరూ నమ్మేవారు కాదు" అన్నారు. డైరెక్టరుగా ఉంటూనే కంపెనీ ఖాతాదారుతో సొంతానికి మాట్లాడడం నా మీదే ఒక ఆరోపణ కాగలదు. ముసాయిదా మొదటి నుంచీ మళ్ళీ రాశారు. ఆ వాక్యం పోయింది. ఉత్తరం గొంతు తగ్గింది, మా అడుగు మాత్రం గట్టిపడింది. న్యాయవాది దగ్గర గోప్యత అనేది మన మంచిని కాపాడడానికి పుట్టలేదు, మన చెడ్డను నిర్భయంగా చెప్పుకోగలగడానికే పుట్టిందని నాకు అర్థమైంది. ఆ అవకాశాన్ని రెండు సమావేశాల పాటు నేను వాడుకోలేదు.

ఆ గోప్యతను నేనే పాడు చేసుకోబోయిన సందర్భం ఇంకొకటి ఉంది. మొదటి రోజుల్లో ఆమెకు కంపెనీ ఈమెయిలు నుంచే రాసేవాణ్ణి. ఆమె అది గమనించిన రోజే ఫోను చేసి ఆపించారు. ఆ సర్వరు కంపెనీది, దాని తాళం ఎదుటి పక్షం చేతిలో ఉంది. కంపెనీ న్యాయవాది బోర్డుకు ఇచ్చిన పాత సలహా పత్రాలను నేను పంపబోతే వాటినీ వద్దన్నారు. వాటి గోప్యత కంపెనీకి చెందినది కనుక, అవి తన చేతికి వస్తే తనే ఈ పని నుంచి తప్పుకోవాల్సి రావచ్చునని చెప్పారు. న్యాయవాదికి ఎన్ని కాగితాలిస్తే అంత మంచిదని అనుకునే నాకు అది కొత్త సంగతి.

అసలు నా మీద వేలాడుతున్న కత్తి ఏమిటో నాకు చూపించింది కూడా ఆమెయే. మాటల మధ్య, "బ్యాంకు అప్పుకు మీరు సొంత పూచీ ఏమైనా ఇచ్చారా?" అని అడిగారు. లేదన్నాను. మళ్ళీ చూసుకు రమ్మన్నారు. యంత్రాల అప్పు తీసుకున్నప్పుడు సంతకం చేసిన కట్టలో, ఏడో కాగితం వ్యక్తిగత హామీ పత్రం. కంపెనీ కట్టకపోతే మొత్తం బకాయి నేను కడతానని, నా భాగస్వామితో ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యుణ్ణని అందులో ఉంది. సాలమన్‌ను కాచిన గోడలో నేను నా చేతులతోనే తలుపు పెట్టుకున్నాను. పదవి పోయినా, వాటాలు అమ్మేసినా ఆ హామీ తనంతట తానుగా పోదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే పోతుంది. అంటే నేను డబ్బు తీసుకుని బయటికి వెళ్ళిపోయి, నాలుగేళ్ళ తరవాత నా మాట చెల్లని కంపెనీ చేసిన అప్పుకు నా ఇల్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. భాగస్వామి నుంచి విడిపోయే ప్రతి ఒక్కరూ ముందుగా వెతుక్కోవలసిన కాగితం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. వాటా ధర గురించి నెలల తరబడి పోట్లాడే నేను, ఆమె అడగకపోతే దీన్ని అలాగే వదిలేసి వెళ్ళేవాణ్ణి.

ఇక మా బలం ఎక్కడుందో చెబుతాను. 1958లో ఇద్దరు తివాచీ వ్యాపారులు తమ భాగస్వామ్యాన్ని లండన్‌లో వెస్ట్‌బోర్న్ గ్యాలరీస్ అనే కంపెనీగా మార్చుకున్నారు. ఒకరు ఇబ్రాహిమీ, ఇంకొకరు నాజర్. తరవాత నాజర్ కొడుకు చేరాడు. 1969లో తండ్రీకొడుకులు తమ ఓట్లతో ఇబ్రాహిమీని డైరెక్టరుగా తీసేశారు. లాభాలు డివిడెండుగా కాక డైరెక్టర్ల జీతంగానే పంచుకునేవారు గనుక, పదవితో పాటే ఆయన రాబడి కూడా ఆగిపోయింది. తొలగింపు చట్టం అక్షరాల ప్రకారం సరైనదే. అయినా నమ్మకం మీద నడిచే, భాగస్వామ్యం వంటి చిన్న కంపెనీలో ఒకరినొకరు నమ్మి ఏర్పరచుకున్న అవగాహనను కూడా న్యాయస్థానం చూడాలని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1972లో చెప్పి, కంపెనీని మూసివేయాలన్న మొదటి కోర్టు ఉత్తర్వును, అప్పీలు కోర్టు కొట్టేసినా, తిరిగి నిలబెట్టింది. ఇంగ్లండు న్యాయసంప్రదాయం నడిచే చాలా దేశాల్లో ఇప్పుడు మూసివేత దాకా పోకుండా, అన్యాయానికి గురైన వాటాదారు వాటాను ఎదుటివారు కొనాలని కోర్టు చెప్పగల దారి ఉంది. మాదీ అలాంటి కథే. మూడు కుర్చీల కంపెనీ, జీతాలుగా పంచుకున్న లాభం, డివిడెండు ఒక్కసారీ లేదు. ఆ మూడు సంగతులకూ మూడో గడిలో కాగితం ఉంది. నోటీసు ఆ మూడింటి మీదే నిలబెట్టారు.

జవాబు మూడు వారాలకు వచ్చింది. నా భాగస్వామి కూడా తన సొంత న్యాయవాదిని పెట్టుకున్నాడు. పాత లాయరుగారు అతన్నీ నాలాగే వెనక్కి పంపేశారని అప్పుడు తెలిసింది. ఆ వార్త విన్నాక ఆయన మీద మిగిలిన కాస్త కోపమూ పోయింది.

చర్చలన్నీ చివరికి ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి: న్యాయమైన విలువ. మా అకౌంటెంటు కంపెనీ మొత్తం విలువ కట్టి అందులో 45 శాతం నాదన్నారు. వారి అకౌంటెంటు, అధికారం లేని మైనారిటీ వాటాను బయటివాడెవడూ ఆ ధరకు కొనడు కాబట్టి అందులో మూడో వంతు తగ్గించాలన్నారు. ఇద్దరి లెక్కా లెక్కగా సరైనదే. భాగస్వామ్యం వంటి కంపెనీల్లో అలాంటి తగ్గింపు లేకుండా లెక్క కట్టాలని ఇంగ్లండు కోర్టులు పలుమార్లు చెప్పాయని మా న్యాయవాది వాదించారు. కానీ కోర్టు అదే మాట మా విషయంలోనూ అంటుందని హామీ ఇవ్వలేనని నాకు విడిగా చెప్పారు. గెలుస్తామని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. మొదట్లో అది నాకు ధైర్యం లేకపోవడంలా కనిపించేది. తరవాత తరవాత, ఆమె చెప్పే ప్రతి మాటనూ నేను నమ్మడానికి అదే కారణమైంది.

రెండు పక్షాలూ ఒప్పుకుని మీడియేషన్‌కు వెళ్ళాం. ఒక పెద్ద గదిలో పది నిమిషాలు అందరం కూర్చున్నాం, తరవాత మేమొక గదిలో, వారొక గదిలో. ఇక్కడ అన్న మాటలేవీ రేపు కోర్టులో ఎత్తకూడదని మొదటే సంతకాలు చేశాం. మధ్యవర్తి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ రెండు గదుల మధ్య తిరిగారు. ఏది తప్పో ఒప్పో ఆయన చెప్పలేదు, కోర్టుకు వెళితే ఎన్నేళ్ళు పడుతుందో, ఈలోగా యంత్రాలు ఎవరు నడుపుతారో మాత్రం అడుగుతూ వచ్చారు. మధ్యాహ్నం వేళ నీళ్ళ కోసం నడవాలోకి వెళితే నా స్నేహితుడు ఎదురయ్యాడు. ఇద్దరం ఆగిపోయాం. "అమ్మ ఆరోగ్యం ఎలా ఉందిరా?" అని అడిగాడు. బాగానే ఉందని చెప్పి గదిలోకి వచ్చేశాను. నా కళ్ళు చూసి మా న్యాయవాది ఫైలు మూసి, కాసేపు ఏ అంకే మాట్లాడలేదు. ఆ పది నిమిషాలను ఆమె బిల్లులో వేయలేదని నెలాఖరున గమనించాను.

రాత్రి పది దాటాక రాజీ కుదిరింది. తగ్గింపు పూర్తిగా పోలేదు, మూడో వంతు కాస్తా పదో వంతైంది. సొమ్ము మూడు వాయిదాల్లో చెల్లించాలి. వాయిదా తప్పితే మిగిలినదంతా ఒకేసారి కట్టాలి. 18 నెలల పాటు కంపెనీ ఖాతాదారుల జోలికి నేను వెళ్ళకూడదు. నా సందేశాల సంగతి వారికి ముందే తెలుసు, ఆ షరతు వచ్చింది దానివల్లే. ఇద్దరం ఒకరి మీద ఒకరం ఇక ఏ దావా వేయకూడదు. నాకు నిద్ర ముంచుకొచ్చి, వచ్చిన కాగితం మీద సంతకం పెట్టేయాలనిపించింది. ఆమె నా చేతిలోంచి కలం తీసుకుని, ప్రతి పేరానూ పైకి చదివించారు. హామీ గురించిన పేరాలో 'బ్యాంకు విడుదల పొందేందుకు తగిన ప్రయత్నం చేస్తారు' అని ఉంది. ప్రయత్నం చాలదని ఆమె పట్టుబట్టారు. బ్యాంకు విడుదల పత్రం చేతికి వస్తేనే వాటాల బదిలీ జరుగుతుందని మార్చడానికి ఇంకో గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఎదుటి గదిలో గొంతులు రెండుసార్లు పెరిగాయి. ఆమె మాత్రం అదే వాక్యాన్ని అదే స్వరంతో చెబుతూ కూర్చున్నారు.

బ్యాంకు వెంటనే ఒప్పుకోలేదు. నా బదులు పెట్టుబడిదారుడు హామీ ఇవ్వాలంది, ఆయన ఆస్తుల పత్రాలు అడిగింది, మధ్యలో ఒకసారి మొత్తం ఆగిపోతుందేమో అనిపించింది. ఏడు వారాల తరవాత ఆ ఉత్తరం వచ్చింది. బ్యాంకు ముద్ర, రెండు సంతకాలు, నాలుగు వరసలు. నేను దాన్ని మూడుసార్లు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. మరునాడు వాటాల బదిలీ పత్రాల మీద సంతకం చేశాను. ఆ నెలలోనే మా న్యాయవాది దగ్గర నుంచి చివరి ఉత్తరం అందింది: అప్పగించిన పని పూర్తయిందనీ, ఇకపై ఈ విషయంలో తను నా తరఫున లేరనీ, అసలు కాగితాలు వెనక్కి పంపుతున్నాననీ, రెండో, మూడో వాయిదాల గడువు తేదీలు ఇవీ అనీ. ఆ రెండు తేదీలనూ గోడ మీద క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకుని, పాత లాయరుగారికి ఫోను చేసి, ఆ రోజు నన్ను ఆపినందుకు కృతజ్ఞతలు చెప్పాను. "మీరు బాగున్నారా?" అని మాత్రం అడిగారు ఆయన. కంపెనీ గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ అడగలేదు.